48 పాయింట్ల పందికొక్కు

31 ఏళ్లు ఇంగ్లీషు మాస్టారిగా చేశాను. నల్లజర్లలో నన్ను డిక్షనరీ మాస్టారంటారు. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

నాకీ మాటల జబ్బు స్క్రాబుల్‌తో పట్టుకుంది. ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు 1930ల్లో పేపర్లు ముందేసుకుని, ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి ఈ ఆట కట్టాడు. నేను లెక్కపెట్టింది ఒక్కటే, ఎదుటివాడికి రాని మాటలు నాకెన్ని వచ్చునా అని. అచ్చు ఒక్కటీ లేని 'సీ డబ్ల్యూ ఎమ్' ఒక మాటేనని, వేల్స్ కొండల్లో లోయ అని పదో తరగతికి చెప్పాను. ఆ పిల్లలకి లీవు లెటరు రాయడం రాదు. 2015లో నైజల్ రిచర్డ్స్ అనే న్యూజీలాండ్ ఆయన ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే ఆ భాషలో మాటల పట్టీ బట్టీపట్టి ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడని చదివి, చూశారా అన్నాను అందరితో. ఆయన ఆటగాడు. నేను జీతం తీసుకున్నది పాఠం చెప్పడానికి.

అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది సన్మాన పత్రం సంగతి. మా హెడ్మాస్టారు రిటైరవుతుంటే నేనే రాశాను. ఆయన సేవలకి 'ఇగ్రీజియస్' అని విశేషణం తగిలించాను. లాటిన్‌లో మందలోంచి విడిగా నిలిచినదని దాని మూలం. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు గొప్పవాణ్ణి అలాగే పొగిడేవారు. వెటకారానికి వాడీ వాడీ చివరికి పరమ ఘోరమైనదనే అర్థం మిగిలింది. నాకు తెలిసింది పాత అర్థం. ఫ్రేము కట్టించి, అద్దం వేయించి ఇచ్చాం. ఆయన హాల్లో తగిలించుకున్నారు. ఎవరో చదివి చెప్పాక అది గోడ దిగింది. ఆయన నన్నొక్క మాటా అనలేదు. వాళ్లింట్లో పెళ్లికి శుభలేఖ మాత్రం రాలేదు.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా.

మొన్న సంక్రాంతికి డల్లాస్ నుంచి మా అమ్మాయి, మనవడు వచ్చారు. వాడికి పన్నెండేళ్లు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి భోంచేసి అరుగు మీద బోర్డు పరిచాం. వాడు మొదటి ఎత్తులోనే నడిమధ్య గడి మీదుగా 'కూట్' పేర్చాడు. పన్నెండు పాయింట్లు. నేను ఊరుకోవచ్చుగా? "అది ఇంగ్లండు చెరువుల్లో పక్షి" అని పాఠం మొదలెట్టాను.

"మొన్న ఆటపాకలో చూశాం కదా తాతయ్యా? నల్లగా ఉంది, నుదుటి మీద తెల్లగా."

కొల్లేటికి మాకు గంటన్నర దారి. వాణ్ణి ఆటపాకకి తీసుకెళ్లిందీ నేనే. పెలికాన్లు చూపించాను, ఆ నల్ల నీటికోళ్లని నేనే సరిగ్గా చూళ్లేదు.

ఆ దెబ్బ సర్దుకునేలోపే నా ముక్కల్లో అదృష్టం కనిపించింది. బి, ఏ, ఎన్, డి, ఐ. కూట్ ముందు ఈ ఐదూ పేరిస్తే మొదటి అక్షరం సరిగ్గా వరస చివరి ఎర్రగడి మీద పడుతుంది, మొత్తానికి మూడింతలు. డి కింద రెండింతల గడి. 48 పాయింట్లు! "బ్యాండికూట్!" అని అరిచాను. "ఆస్ట్రేలియాలో ఉంటుంది. కోసు మూతి. కంగారూలాగే పిల్లల్ని సంచిలో మోస్తుంది. బ్యాండికూట్!"

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ తలెత్తింది. ఎనభై నాలుగేళ్లు, చెవి కాస్త తక్కువ.

"పందికొక్కా? మళ్లీ వచ్చిందీ? కోకో కాయలు కొరికేస్తోంది, బోను పెట్టరా అంటే వినవు."

"అమ్మా, ఇది ఇంగ్లీషు. నీకు తెలీదు."

ఈ స్వగతం రాస్తున్నది ఆ ఒక్క వాక్యం కోసం.

మనవడు నా లావుపాటి డిక్షనరీ తీశాడు. అర్థం చదివి ఆగలేదు. నేనెప్పుడూ దాటేసే బ్రాకెట్లోకి వెళ్లాడు. "తాతయ్యా, తాతమ్మ కరెక్ట్. ఫ్రమ్ తెలుగు... ప్యాండి... కొక్కు. పిగ్ ర్యాట్."

అమ్మ చిక్కుడుకాయల్లోకి తల దించేసుకుంది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది.

నలభై ఏళ్లుగా ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది. మాట పుట్టుక చదివితే పాయింట్లు రావు కదా, చదవలేదు. యూల్, బర్నెల్ 1886లోనే హాబ్సన్-జాబ్సన్ కోశంలో రాసిపెట్టారు, ఇది తెలుగు పందికొక్కు అని. ఈ పందికొక్కుల జాతికి శాస్త్రంలో బ్యాండికోటా అన్న పేరు కూడా అందులోంచే. ఆస్ట్రేలియా జంతువుకి ఆ పేరు అరువుది. 1799లో జార్జ్ బాస్ అనే నావికుడు పోలిక చూసి పెట్టాడు. అంటే నేను అరిచి చెప్పిన జంతువు నకలు. అసలుది మా గడ్డివాము కింద ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక్కో మాటకీ బ్రాకెట్ వెతికాను. పిట్టా. గ్రీకు రొట్టె అనుకుని ఎన్నోసార్లు ఆడాను. రొట్టె ఒకటుంది, నిజమే. కానీ అదే స్పెల్లింగుతో రంగురంగుల పక్షి కూడా ఉంది. 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన పేరు. మన పిట్టే. మడపోలం అని ఇంకొకటి, మెత్తటి నూలుగుడ్డ. పలుకు చూసి పారిస్ సరుకనుకున్నాను. తీరా చూస్తే నరసాపురం దగ్గర మాధవాయపాలెం. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టి గుడ్డ కొనేది. ఆ రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. ఊరి పేరు రాసిన బోర్డు కిందే టీ తాగాను.

ఆట నేనే ఓడిపోయాను, ఆ 48 ఉండి కూడా. వాడు గెలిచిన ఊపులో ఇంకొకటి చదివాడు. కూట్‌కి రెండో అర్థం ఉందిట, అమెరికాలో తిక్క ముసలాణ్ణి అలా అంటారుట. వాళ్లమ్మ కసిరింది. కసరాల్సిన పని లేదు, డిక్షనరీలో ఉన్నదే.

ఆ కనుమ సాయంత్రమే గడ్డివాము పక్కన బోను పెట్టాను, ఎండుచేప ఎర. తెల్లారేసరికి పడింది. పిల్లిపిల్లంత ఉంది. మనవడు ఫోటో తీసి, కింద ఇంగ్లీషులో పేరు కొట్టి, డల్లాస్‌లో స్నేహితులకి పంపబోతుంటే తెలుగులో కూడా రాయరా అన్నాను. ఫోను నా చేతికిచ్చాడు. వాడికి తెలుగు రాయడం రాదు. ఏడు సెలవులకి వచ్చాడు ఇప్పటిదాకా, స్క్రాబుల్ నేర్పాను.