మన్రో దొరవారికి ఒక మిద్దె అర్జీ

మహారాజశ్రీ సర్ తామస్ మన్రో దొరవారు, దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరు గారి సముఖానికి, ప్రొద్దుటూరు కాపురస్తుడు, రెండున్నర సెంట్ల మిద్దెకు హక్కుదారుడు బహిరంగంగా చేసుకునే విన్నపం.

దొరవారూ,

తమరు కాలం చేసి రెండు వందల ఏళ్లు కావస్తున్న సంగతి నాకు తెలియక కాదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా తగిలి పోయినారు. పోయినాయనకు అర్జీ ఏందని ఇంట్లో నవ్వుతున్నారు. బతికున్న కలెక్టర్లకు పెట్టుకుంటే, ఆ కాగితం కచేరి మెట్లెక్కే లోపల వాళ్లకు బదిలీ ఉత్తర్వులు వస్తాయి. తమరికి ఆ బెడద లేదు. పైగా మా వైపు తమరి మీద ఒక కథ ఉంది. వేంపల్లె దగ్గర గండి క్షేత్రంలో, పాపాఘ్ని ఏరు కొండను చీల్చుకుని బయటపడే చోట, రాములవారి కోసం ఏటికి అడ్డంగా కట్టిన బంగారు తోరణం తమరి కంట పడిందంట. మామూలు మనుషులకు అది కనబడదు. కనబడినవాళ్లు ఎక్కువ కాలం బతకరు. నిజమా కాదా అని నేను తగువుకు రాను. మా ఏటి మీద బంగారం చూసిన కలెక్టరు మరొకరు లేరు కాబట్టి నీళ్ల ఫిర్యాదు తమరి దగ్గరికే తెచ్చుకున్నాను.

సంగతేమిటంటే, 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి ఒప్పజెప్పిన తర్వాత తమరు ఏడేళ్లు గుడారాల్లో తిరుగుతూ ఊరూరికీ శిస్తు తేల్చినారు. ఆ తిరుగుళ్లలో చెరువులన్నీ చూసి ఒక అభిప్రాయం రాసి పెట్టినారు. ఈ సీమలో కొత్త చెరువు తలపెట్టడం దండగ పని, అనువైన చోటంటూ ఉంటే అక్కడ ఇక్కడి జనమే ఎప్పుడో కట్టేసుకున్నారని దాని సారాంశం. రెండు శతాబ్దాలు ఆలస్యమైనా ఆ మాట మీద అభ్యంతరం దాఖలు చేసుకుంటున్నాను. ఒక్క చోటు తమరి లెక్కలోకి రాలేదు. మా నెత్తి మీది మిద్దె.

మిగతాదంతా తమరు చెప్పినట్టే ఉందని ఒప్పుకుంటాను. పోరుమామిళ్ల చెరువునే చూడండి. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినాడని 1369 నాటి శాసనం చెబుతుంది. దినానికి వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని అదే రాతి మీద చెక్కినారు. కట్ట ఊట కారడం, నేల చౌడుది కావడం, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, నడుమ తాబేటి వీపు లాంటి మిట్ట లేవడం, నీళ్లు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం, చోటు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందటి ఈ జాబితాను ఇప్పటి ఏ పట్టణం నీళ్లకైనా పెట్టి చూడొచ్చు. పొలిమేర దోషముందే, అది కొత్తగా వెలసిన లేఅవుట్లది. పట్నంలోకి చేరవు, పల్లెలోనూ చేరవు. పైపు అడిగితే ఇటువారు అటు, అటువారు ఇటు చూపిస్తారు. అయిదో దోషం సంగతి చెప్పనే అక్కర్లేదు. నీళ్లు అంతే ఉంటాయి, ఇళ్లు మాత్రం పెరుగుతూ పోతాయి.

తమరి తర్వాత ఇక్కడ శానా జరిగింది. 1860లలో ఇంగ్లండు మదుపుదార్ల కంపెనీ ఒకటి సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి కర్నూలు-కడప కాలువ తవ్వింది. నీళ్లు అమ్ముకుని, పడవలు తిప్పుకుని లాభాలు తీయాలని దాని ఆశ. లాభం రాలేదు, 1882లో సర్కారే తీసుకోవాల్సి వచ్చింది. నడుమ 1876లో ధాత కరువు వచ్చి తమరి దత్తమండలాలను ఎముకల గూడు చేసిపోయింది. తర్వాతి శతాబ్దంలో జమ్మలమడుగు ఎగువన పెన్నా మీద మైలవరం కట్టినారు. దానికీ పైన ఇప్పుడు గండికోట జలాశయం ఉంది, 26.85 టీఎంసీలు పట్టేది. శ్రీశైలంలో నిలిచిన కృష్ణ నీళ్లు పోతిరెడ్డిపాడు దాటి, అవుకు దగ్గర కొండను తొలుచుకుని గండికోటకు చేరతాయి. అక్కడి నుంచి మోటార్లు ఎగదోస్తే పైడిపాలేనికి, చిత్రావతి జలాశయానికి ఎక్కి పులివెందుల చీనీ తోటల దాకా పోతాయి. ఈ నీళ్లు నిలపడానికి 2020లో తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. మా ఊరి పేరులోనే సగం పంచుకున్న ఊరు. ఆ ఊరివాళ్లు ఇండ్లు వదిలితే వచ్చిన నీళ్లని తెలిసి కూడా ఇక్కడ మేము మోటారు వేసి మర్చిపోతాం.

ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. ఆ మాట మా నోళ్లలో పడ్డప్పటి నుంచీ బిందెకు మర్యాద పోయింది. ఏ సభలో చూసినా టీఎంసీలే. బిందె గురించి మాట్లాడేది కొళాయి దగ్గర ఆడవాళ్లు మాత్రమే, వాళ్ల మాట ఏ పత్రికలోనూ మొదటి పేజీకి ఎక్కదు.

మా ఊరి గురించి కొంచెం చెప్పుకోవాలి. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు, బంగారం వ్యాపారం అంతటిది. ఇక్కడ కంసాలి అంగట్లో నేల ఊడ్చిన దుమ్మును కూడా పారేయరు. దాచి, కరిగించి, అందులోని రజను తీస్తారు. అదే మనిషి సాయంత్రం ఇంటికి పోయి మోటారు వేసి టీవీ ముందు కూర్చుంటాడు. మిద్దె మీది ట్యాంకు నిండి, పొర్లి, పిట్టగోడ మీదుగా వీధిలోకి కారుతుంటే ఎదురింటివాళ్లు కేకేసి చెప్పాలి. నిండగానే నీళ్లు ఆపే తేలుడు బంతి వాల్వు ధర ఒక మంచి సినిమాకు ఇంటిల్లిపాదీ పోయివచ్చే ఖర్చు కూడా కాదు.

ట్యాంకు పొర్లేది కంటికి కనబడుతుంది. కనబడని దుబారా వంటింట్లో గోడకు తగిలించుకున్నాం. మా వైపు బోరు నీళ్లు ఉప్పన, కొన్నిచోట్ల ఫ్లోరైడు కూడా, కాబట్టి ఆర్వో మిషను తప్పడం లేదు. అది ఒక లీటరు తాగేనీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు పక్క పైపులోంచి పారబోస్తుంది. ఆ పైపు కింద బకెట్టు పెడితే ఇల్లు తుడవడానికీ, మరుగుదొడ్లో పోయడానికీ సరిపోతాయి. చెట్లకు మాత్రం రోజూ పోయకూడదు, ఉప్పు ఎక్కుతుంది.

నీళ్లు పొదుపు చేయండి అని గోడల మీద రాయించే ప్రతి ప్రభుత్వమూ, 2000లో నీరు-మీరు పెట్టినవాళ్ల నుంచి ఇప్పటివాళ్ల దాకా, ఆ మాట ఎవరికి చెబుతున్నట్టు? మా అవ్వకా? ఆమె బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్లో పోసేది. అంట్లు తోమిన నీళ్లు అరటి పాదుకు, స్నానం నీళ్లు జలదారి దాటి కరివేపాకు చెట్టుకు పోయేవి. నాపబండల తొట్లో నీళ్లు ఎన్ని బెత్తెలున్నాయో చూసి ఆ పూట వంట తీరు నిర్ణయించేది. ఇప్పుడు ఇంట్లో ఎనుము లేదు, కుడితి లేదు. పెరడంతా సిమెంటు పోసేసినాం. సింకులో పడిన ప్రతి చుక్కా నేరుగా వీధి కాలువలోకి పోయేట్టు పైపులు బిగించి, ఆ తర్వాత ఇంటి ఆడవాళ్లకు పొదుపు మీద ఉపన్యాసాలిస్తాం. నన్నడిగితే పొదుపు మనుషుల గుణాన్ని బట్టి ఉండేది తక్కువ, పైపు ఏ పక్కకు తిరిగిందో దాన్ని బట్టి ఉండేది ఎక్కువ. ఇల్లు కట్టే మేస్త్రీని ఒక్క పూట కూర్చోబెట్టి మాట్లాడితే గోడ రాతలు పదేళ్లలో చేయలేనిది అయిపోతుంది.

ఇప్పుడు మిద్దె లెక్కకు వస్తాను. తమరు లెక్కలంటే ఇష్టపడే మనిషి కదా. రెండున్నర సెంట్లంటే సుమారు నూరు చదరపు మీటర్లు. ఏడాదిలో 600 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. మిద్దె మీద పడేది 60,000 లీటర్లు. ఎండకు ఆవిరయ్యేదీ, తొలి వానలో దుమ్ముతో పాటు వదిలేయాల్సిందీ అయిదో వంతు తీసేసినా 48,000 లీటర్లు మిగులుతాయి. పదిహేను లీటర్ల బిందెలైతే 3,200. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే తొమ్మిదిన్నర. ఈ నీళ్లను మేము ఒక పైపు గుండా జాగ్రత్తగా వీధి కాలువలోకి పంపి, మే నెలలో ట్యాంకరు ఆయనకు ఫోను చేసి, అన్నా, ఈరోజైనా వస్తావా అని బతిమాలుకుంటాం.

అంతా దాచే చోటు లేదంటారా, వద్దు. అయిదుగురున్న ఇంటికి తాగడానికీ వండడానికీ రోజుకు 50 లీటర్లు చాలు. 10,000 లీటర్ల సంపు ఒకటి నిండితే 200 దినాలు వస్తాయి. మాకు వానలు ఎక్కువగా పడేది ఆగస్టు నుంచి నవంబరు లోపలే కాబట్టి అక్టోబరులో నిండిన సంపు ఎండాకాలం నడిమి దాకా లాగుతుంది. తొలి వాన వదిలేయాలి, గులకరాళ్లు, ఇసుక, బొగ్గు పొరల గుండా వడగట్టాలి, సంపులోకి వెలుతురు దూరకుండా మూత వేయాలి. ఇందులో తమరి కాలానికి కొత్తదేమీ లేదు. అప్పటి మట్టి మిద్దెలకు కూడా తూములుండేవి, వాన వస్తే వాటి కింద బానలు వరుసగా పెట్టేవాళ్లు.

ఇంకుడు గుంత తవ్వితే సరిపోదా అని ఎవరైనా సలహా చెబితే తమరు తొందరపడి సంతకం పెట్టొద్దు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టూ శానా మటుకు నల్లరేగడి. వాన పడితే ఉబ్బి మూసుకుపోతుంది, నీళ్లు కిందికి దిగనివ్వదు. ఆ నేలలో నాలుగడుగుల గుంత తవ్వి రాళ్లు నింపితే దోమలకు ఇల్లు కట్టినట్టే. రేగడి దాటి అడుగునున్న రాతి పొర దాకా దించాలి, లేదా ఎండిపోయిన పాత బోరులోకే వడగట్టిన నీళ్లు పంపాలి. కొలతలు ఒక్కటే వేసి జిల్లా అంతటికీ పంపిన కాగితం చూసి తవ్విన గుంతల మీద నాకు నమ్మకం లేదు.

చట్టం లేదా అని తమరు అడగొచ్చు. ఉంది. 2002లో వాల్టా అని వచ్చింది; బోరు వేయడానికి అనుమతులు, వాన నీళ్ల ఏర్పాట్లు అన్నీ అందులో రాసినారు. తమరు తర్వాత గవర్నరుగా ఏలిన మద్రాసులో ఇంకా గట్టిగా చేసినారు. 2003లో, ప్రతి ఇంటికీ వాన నీళ్ల ఏర్పాటు ఉండాల్సిందే, లేకుంటే కొళాయి కోస్తామన్నారు. జనం బెదిరి కట్టుకున్నారు, కొన్నేళ్లు బావుల్లో నీళ్లు పైకొచ్చినాయి. ఆ తర్వాత శానా ఇళ్లలో వడగట్టే ఇసుక ఎవరూ మార్చలేదు, గుంతలు పూడిపోయినాయి. 2019లో అదే ఊరికి జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు మోసినారు. కట్టించేంత వరకే ఉత్తర్వులో ఉంటుంది, కడిగించేది ఉండదు.

అందుకని నా కోరిక చిన్నది. తమరు జమాబందీకి వచ్చినప్పుడు గట్టు మీదున్న కరణాన్ని నమ్మకుండా పొలంలోకి దిగి చూసేవారని చెబుతారు. ఇప్పటివాళ్లకూ ఆ అలవాటు నేర్పించండి. జలాశయం గేట్ల మీద పూలు పసుపు చల్లి ఫోటో దిగి వచ్చే దారిలో ఏదో ఒక వీధిలో ఆగి, నిచ్చెన వేసుకుని, నాలుగు మిద్దెలెక్కి తూములు ఎటు తిరిగినాయో చూడమనండి. వాన నీళ్ల సంపు ఉన్న ఇంటికి ఇంటిపన్నులో కొంత తగ్గించి, ఏటా వానలకు ముందు దాన్ని కడిగినట్టు చూపిస్తేనే ఆ తగ్గింపు నిలపమనండి. ప్రభుత్వ కచేరీల మిద్దెల నుంచే ఈ పని మొదలుపెడితే మాకూ ఇంట్లో అడిగే మొహం ఉంటుంది. నా మిద్దె తూమును ఇప్పటికే సంపు వైపు తిప్పించినాను. దాని కోసం మేస్త్రీతో పెట్టుకున్న వాదులాట ఇంకో అర్జీకి సరిపడేంత ఉంది, ఈసారికి వదిలేస్తున్నాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
పెన్నా ఒడ్డు కాపురస్తుడు.

మరిచిపోయినాను: జవాబు పంపేటట్టయితే జవానును పొద్దన్నే పంపొద్దు. కొళాయి వచ్చే వేళ మా వీధిలో దేవుడొచ్చి పిలిచినా ఎవరూ తలుపు తీయరు.