పైథాన్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేస్తూ రెండు వారాలు గడపడం ఎలా?

ఆఫీసు లాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. దాంతోపాటు వచ్చిన పైథాన్ 3.10. ప్రాజెక్టుకేమో 3.13 కావాలన్నారు. ఇలాంటప్పుడు అమాయకులు ఏ పైఎన్వ్‌తోనో, యూవీతోనో, డాకర్ ఇమేజ్‌తోనో అరగంటలో పని ముగించేసి, సాయంత్రానికల్లా ఇంకో టికెట్ నెత్తికెత్తుకుంటారు. మీరా పొరపాటు చేయకండి. “సోర్స్ నుంచి బిల్డ్ చేస్తున్నాను సార్” అనండి. ఆ మాట విన్నాక ఎప్పటికి అవుతుందని అడగడానికి ఏ మేనేజరుకైనా కాస్త మొహమాటంగా ఉంటుంది. పైథాన్‌ను రాసింది సి భాషలో. సోర్స్ అంతా ఉచితం. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అని మెట్లు మూడే. ఒక్కో మెట్టు మీద ఎన్నాళ్లు కూర్చోవచ్చో కింద చెబుతున్నాం.

1. రీడ్‌మీ తెరవకండి. చదివితే తెలిసిపోతుంది. తెలిశాక “నాకు తెలీదండీ” అనడం కష్టం.

2. విడుదలైన 3.13 టార్ ఫైలు జోలికి పోకండి. గిట్ క్లోన్ కొట్టి నేరుగా మెయిన్ బ్రాంచిని బిల్డ్ చేయండి. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది. మెయిన్‌లో ఉండేది ఆ రాబోయేది, ఇంకా పురిట్లోనే ఉన్నది. నంపై లాంటి లైబ్రరీలకు దాని మీద రెడీమేడ్ వీల్స్ సాధారణంగా దొరకవు. కాబట్టి వాటిని కూడా సోర్స్ నుంచే బిల్డ్ చేయాల్సి వస్తుంది. వారం పని రెండు వారాలైంది చూశారా? మీరు వేలు కూడా కదపలేదు.

3. డెవ్ ప్యాకేజీల విషయంలో కాస్త కళ కావాలి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ-డెవ్, లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్ ముందే వేసుకోమని పెద్దలు చెబుతారు. వేయకండి. ఇందులో అందమేమిటంటే, అవి లేకపోయినా మేక్ ఆగదు. బుద్ధిగా చివరిదాకా నడుస్తుంది. ఫలానా మాడ్యూళ్లకు కావలసినవి దొరకలేదని ఆఖర్న రెండు ముక్కలు గొణిగి ఊరుకుంటుంది. ఆ రెండు ముక్కలు స్క్రీన్ మీద కనబడేలోపే ‘క్లియర్’ కొట్టండి.

జెడ్‌లిబ్ ఒక్కటి మాత్రం తప్పకుండా వేయండి. అది లేకపోతే మేక్ ఇన్‌స్టాల్ చివర్లో పిప్‌ను పెట్టే దగ్గరే బండి ఆగి, అక్కడికక్కడే దొరికిపోతారు. అంత తొందరగా దొరికే తప్పు వల్ల ఎవరికి లాభం? ఎస్‌ఎస్‌ఎల్ లేకపోవడం అలా కాదు. పైథాన్ తెరుచుకుంటుంది, రెండూ రెండూ కలిపితే నాలుగని చెబుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత పిప్‌తో ఏదైనా ప్యాకేజీ తెప్పించబోతే హెచ్‌టీటీపీఎస్ గడప దాటలేక చతికిలబడుతుంది. అప్పుడు గంభీరంగా “ఫైర్‌వాల్ బ్లాక్ చేస్తోంది” అని నెట్‌వర్క్ టీమ్ మీద టికెట్ వేయండి. వాళ్లు ప్రాక్సీ చూస్తారు, పోర్టులు చూస్తారు, సర్టిఫికెట్లు చూస్తారు. మీరు క్యాంటీన్ చూడండి. ఎస్‌క్యూలైట్ లేదన్న సంగతి డెమో రోజున దానంతటదే బయటపడుతుంది, దాని గురించి బెంగ వద్దు.

4. కాన్ఫిగర్‌కు ఎన్ని ఆప్షన్లుంటే అన్నీ ఇవ్వండి. వేగం పెంచే ‘ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్’, వేగం తగ్గించే ‘విత్-పైడీబగ్’ రెండూ పక్కపక్కనే పెట్టండి. ఇద్దరినీ సంతోషపెట్టినట్టుంటుంది. ఈ ఆప్టిమైజేషన్స్ అనే ఆప్షన్‌కు మీరు రుణపడి ఉండాలి. అది పైథాన్‌ను ఒకసారి బిల్డ్ చేసి, దాని మీద టెస్టులు నడిపి, ఏ దారి ఎక్కువ తొక్కుతున్నారో కొలిచి, ఆ కొలతలతో మళ్లీ మొదటినుంచి బిల్డ్ చేస్తుంది. “ఇంకా కంపైల్ అవుతోంది” అన్న మాట నిజమయ్యే అరుదైన సందర్భం ఇది. పొదుపుగా వాడుకోండి. 3.13 నుంచి ‘డిజేబుల్-జిల్’ కూడా ఉంది. జిల్ అంటే ఏమిటో తెలుసుకోవద్దు, తీసేయండి. ‘ఎనేబుల్-షేర్డ్’ ఇస్తే ఇంకా మంచిది. ఇన్‌స్టాల్ అయ్యాక తన లైబ్రరీ ఎక్కడుందో పైథాన్‌కే తెలియక లేవడానికి మొరాయిస్తుంది. ఎల్‌డీకాన్ఫిగ్ అని ఒక్క మాట కొడితే సరిపోతుందని ఎవరైనా చెబితే, “అది తాత్కాలిక పరిష్కారం” అని పెదవి విరవండి.

5. మేక్ పక్కన ‘-జె’ పెట్టి, దాని పక్కన అంకె వేయకండి. ఎనిమిది కోర్లుంటే ఎనిమిది అని వేయడం పిసినారుల పద్ధతి. అంకె లేకపోతే మేక్ వీలైనన్ని పనులు ఒక్కసారిగా మొదలెడుతుంది. ఫ్యాను మోత పక్క క్యూబికల్‌కు వినిపిస్తుంది, మెమరీ తక్కువున్న యంత్రమైతే మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోతుంది. అది చూసిన వాళ్లెవరూ మిమ్మల్ని ఖాళీగా ఉన్నారనరు.

6. మేక్ టెస్ట్ నడపకండి. పరీక్షే రాయనివాణ్ని ఎవరు ఫెయిల్ చేస్తారు?

7. స్టాండప్‌లో రోజుకొక మాట చొప్పున ముందే సిద్ధం చేసుకోండి. సోమవారం “టూల్‌చెయిన్ సెట్ చేస్తున్నా”. మంగళవారం “లింకర్ ఇష్యూ”. బుధవారం కూడా “లింకర్ ఇష్యూ” అనొచ్చు, లింకర్ గురించి రెండో ప్రశ్న వేసే ధైర్యం ఎవరికీ ఉండదు. ఎవరైనా రుజువు అడిగితే కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైలు మొత్తాన్ని గ్రూపులో పడేయండి. ‘ఎర్రర్’ అన్న మాట అందులో అడుగడుగునా కనిపిస్తుంది. నిజానికి ఈ సిస్టంలో ఏ ఫంక్షన్ ఉంది, ఏది లేదు అని కాన్ఫిగర్ మామూలుగా చేసుకునే తనిఖీలవి. చాలా మటుకు అసలు తప్పులే కావు. ఆ సంగతి మీ నోటినుంచి రాకూడదు. “ఇన్ని ఎర్రర్లతో ఒక్కణ్నే కొట్టుకుంటున్నా” అని నిట్టూర్చండి చాలు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత పుట్టిన రోజుల్లో లాగ్ ఫైళ్లు లేవు పాపం.

8. ఇక అసలు ఘట్టం. భయస్తులు ‘ఆల్ట్‌ఇన్‌స్టాల్’ అని కొడతారు. అలా చేస్తే పాత పైథాన్3 అన్న పేరు జోలికి పోకుండా కొత్తది పక్కన కూర్చుంటుంది, ఏ గొడవా ఉండదు. గొడవ లేని చోట మీ అవసరం ఏముంటుంది? ప్రిఫిక్స్‌ను ఏకంగా /యూఎస్‌ఆర్ అని ఇచ్చి, సుడోతో మేక్ ఇన్‌స్టాల్ కొట్టండి. ఉబుంటు తన సొంత పనులు ఎన్నింటికో పైథాన్3 మీదే ఆధారపడుతుంది. ఆ పనిముట్ల మాడ్యూళ్లు కొన్ని 3.10 కోసం కంపైల్ అయినవి. కొత్త పైథాన్‌కు అవి పనికిరావు. ఏపీటీ సంబంధిత స్క్రిప్టులు ‘ఏపీటీ_పీకేజీ’ అనే మాడ్యూల్ లేదంటూ కూలబడతాయి. 22.04లో గ్నోమ్ టెర్మినల్‌ను తెరిచేది కూడా ఒక పైథాన్ స్క్రిప్టే కాబట్టి టెర్మినలూ తెరుచుకోదు. చెడిందాన్ని బాగుచేయాలంటే టెర్మినల్ కావాలి, చెడింది టెర్మినలే. ఇంత పకడ్బందీ ఏర్పాటు మనం అనుకుని చేసినా కుదరదు.

ఈ విద్యకు సంప్రదాయం కూడా ఉంది. సెంట్‌ఓఎస్ 7 కాలంలో యమ్ నడిచేది పైథాన్ 2 మీద. పైథాన్ అన్న పేరును 3 వైపు తిప్పిన మహానుభావులకు యమ్ ఆ క్షణం నుంచే సింటాక్స్ ఎర్రర్ అని బదులిచ్చేది. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామే పోయాక దాన్ని తిరిగి ఇన్‌స్టాల్ చేయడానికి ఏం వాడాలన్నది వాళ్లు తీరిగ్గా ఆలోచించుకున్నారు.

9. పక్క సీటు వాళ్ల డెబియన్ 12ను కూడా వదలకండి. అక్కడ సిస్టం పైథాన్‌లోకి పిప్‌తో ఏదైనా వేయబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అంటూ అడ్డుకుంటుంది, విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోమంటుంది. దాన్ని దాటే ఆప్షన్ పేరు ‘బ్రేక్-సిస్టం-ప్యాకేజెస్’. మేం కల్పించింది కాదు, నిజంగా అదే పేరు. చేయబోయేదేమిటో అంత స్పష్టంగా రాసి మరీ అనుమతిస్తుంటే కాదనడం మర్యాద కాదు.

10. ఎక్కడైనా ‘పర్మిషన్ డినైడ్’ అంటే /యూఎస్‌ఆర్ మొత్తానికి సీహెచ్‌మాడ్ 777 కొట్టండి, లోపలి ఫోల్డర్లతో సహా. ఆ దెబ్బకు సుడో ఫైలుకున్న ప్రత్యేక హక్కు చెరిగిపోతుంది, అక్కణ్నుంచి సుడో పనిచేయదు. ఇకపై మీరు ఏమీ పాడుచేయలేరు కాబట్టి దీన్ని భద్రతా చర్యగా రిపోర్టులో రాయండి.

11. తీసేయమని అడుగుతారు. పైథాన్ మేక్‌ఫైల్‌లో అన్‌ఇన్‌స్టాల్ అనేది లేదు. బిన్‌లో కొన్ని, లిబ్‌లో కొన్ని, ఇంక్లూడ్‌లో కొన్నిగా చెల్లాచెదురైన ఫైళ్లను చేత్తో ఏరాల్సిందే. జాబితా రాసుకుని ఏరడం గుమస్తా పని. మీరు ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ కొట్టండి, తొందరగా కొట్టండి. 2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఈ కమాండ్‌కు ఇచ్చిన దారిలో /యూఎస్‌ఆర్ తర్వాత ఒక ఖాళీ పడింది. ఒకే ఒక్క ఖాళీ. వాడినవాళ్ల /యూఎస్‌ఆర్ ఫోల్డర్ మొత్తం ఊడ్చుకుపోయింది. స్పేస్ బార్ అంత పొడుగ్గా పెట్టింది ఊరికే కాదు.

12. ఇంత అనుభవం వచ్చాక టీమ్ కోసం ఇన్‌స్టాలేషన్ గైడ్ రాసి, కొత్తగా చేరిన కుర్రాడికి అప్పగించండి. అందులో ఆరో మెట్టు తర్వాత నేరుగా ఎనిమిదోది రాయండి. ఏడోది ఏదని అడిగితే, “అది చేస్తుంటే నీకే తెలుస్తుంది తమ్ముడూ” అని భుజం తట్టి లీవ్ అప్లై చేయండి.