పేనుబంకను వదిలేయండి, గొల్లభామ వస్తుంది

చిక్కుడు పాదు లేత చివర్లకు నల్లగా పేనుబంక పట్టిందా? చేతిలో స్ప్రేయర్ ఉంటే కింద పెట్టేయండి. ఆ కొమ్మ జోలికి వెళ్లకండి. మిద్దెతోటలోకి గొల్లభామలు రావాలంటే ఏం చేయాలని అడిగే వాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. వినగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. పురుగును తినే పురుగు కావాలంటే ఉన్న పురుగును పెంచమంటాడేమిటని అనుకుంటారు. ఎవరేమనుకున్నా సరే, నా సలహా మారదు.

ముందుకాళ్లు రెండూ ముడిచి, దండం పెడుతున్నట్టు కొమ్మ మీద కదలకుండా నిలబడే గొల్లభామ గురించే నేను చెబుతున్నది. పెద్దదయ్యాక మిడతనైనా పట్టేస్తుంది. పుట్టిన రోజు మాత్రం దోమంతే ఉంటుంది. లద్దెపురుగు దాని చేతికి చిక్కదు, ఇంట్లో తిరిగే ఈగా చిక్కదు. పేనుబంక, పచ్చదోమ పిల్లలు, అరటిపండు తొక్క మీద ముసిరే చిన్న ఈగలు, ఇవే దానికి పాలబువ్వ. వీటన్నిటినీ తుడిచిపెట్టేసి గొల్లభామను రమ్మంటే ఏం తిని బతుకుతుంది? అందుకే తోటలో ఒక మూల, గోడ పక్కన, ఒక అలసంద పాదునో చిక్కుడు పాదునో పురుగుల పేరు మీద రాసిచ్చేయండి. దాని కాయలు మీకు రావు. రాకపోతే పోనీయండి.

వేపనూనె కూడా కొట్టొద్దంటాను. ప్రకృతి సిద్ధమైనదే కదా అని వారం వారం తోటంతా తడిపేస్తుంటారు. నూనె మీద పడితే మెత్తటి ఒళ్లున్న చిన్న పురుగు ఏదైనా ఒకటే. శత్రువు పిల్లా చస్తుంది, మిత్రుడి పిల్లా చస్తుంది. పైగా పేనుబంక వారం తిరిగేసరికి మళ్లీ పుట్టుకొస్తుంది, గొల్లభామకు అంత వేగం లేదు. అరడజనుసార్లకు పైగా కుబుసం విడిస్తేగానీ దానికి రెక్కలు రావు. అందుకు నెలలు పడుతుంది. ఒక్కదానికి మాత్రం ఈ సలహా వర్తించదు. బెండకు పల్లాకు తెగులు కనిపిస్తే ఆ మొక్కను వెంటనే పీకేయండి. తెల్లదోమ ఆ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోస్తుంది.

తోటను ఊడవకండి. ఎండుపుల్లలు, ముదిరిన బంతి చెట్లు, గోడ పక్కన పెరిగిన గడ్డి అలాగే ఉండనీయండి. కుబుసం విడిచేటప్పుడు గొల్లభామ తలకిందులుగా వేలాడాలి. కింద తన ఒంటికి రెండు మూడింతల ఖాళీ ఉండాలి. ఎక్కడైనా తగిలి కింద పడిందా, కాళ్లు వంకరపోతాయి, ఇక వేటాడలేదు. శుభ్రంగా కత్తిరించిన కుండీలో దానికి వేలాడే చోటే ఉండదు. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు నేర్పే పద్ధతిలోనూ ఈ ఆలోచనే ఉంది. వరి గట్ల మీద నువ్వు, అలసంద, బంతి వేయమంటారు. పంటకు మేలు చేసే పురుగులకు తిండీ నీడా దొరకాలని. మిద్దె మీద మనకు గట్లు లేవు, కాబట్టి చిందరవందరే మన గట్టు. రాత్రి పూట మిద్దె మీద లైటు కూడా ఆర్పేయండి. మగ గొల్లభామలు వెలుతురు చూసి ఎగిరొస్తాయి, ఆ గోడ మీదే బల్లి కాచుకుని ఉంటుంది.

ఇక అందరూ అడిగేది పెంపకం గురించి. గొల్లభామ గుడ్ల గూడు తెచ్చి సీసాలో పెట్టి పిల్లలు చేయించి, తోటంతా వదులుదామంటారు. వద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పొలాల్లో వాడే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగను ల్యాబుల్లో పెంచగలుగుతున్నారు. బియ్యపు చిమ్మట గుడ్లను కార్డుకు అంటించి, వాటిలో ఇది గుడ్లు పెట్టేలా చేస్తారు. ఒక్కో కార్డు మీద వేలకు వేలు కలిసి పెరుగుతాయి, ఒకదాన్నొకటి ముట్టుకోవు. గొల్లభామ అలాంటిది కాదు. ఒకే గూట్లో పుట్టిన వాటిని ఒకే డబ్బాలో ఉంచితే పక్కనున్నదే వాటికి మొదటి ముద్ద. రోజులు గడిచే కొద్దీ సంఖ్య తగ్గుతూ, ఒళ్లు పెరుగుతూ పోతుంది. విడివిడిగా పెంచాలంటే ఒక్కోదానికి ఒక్కో సీసా, ఒక్కోదానికి రోజూ బతికున్న ఈగ. అది తోటపని కాదు, పురుగులకు హాస్టల్ నడపడం.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆడ గొల్లభామ నురుగులాంటిది వదిలి, అందులో వరుసగా గుడ్లు పేరుస్తుంది. నురుగు గట్టిపడి లేత గోధుమరంగు ముద్దలా కొమ్మకో గోడకో అతుక్కుపోతుంది. ఒక్కో ముద్దలో పదుల నుంచి వందల దాకా గుడ్లుంటాయి. కత్తెర పట్టుకునే ముందు ప్రతి కొమ్మనూ అడుగువైపు నుంచి చూడండి. గూడున్న కొమ్మను కత్తిరించక తప్పకపోతే, గూడు ఉన్న దిక్కు మారకుండా, మరో మొక్క కొమ్మకు నీడలో ఎత్తుగా కట్టండి. కట్టిన దారానికి కాస్త వాజెలిన్ పూయండి, చీమలు ఎక్కకుండా. ఒకరోజు పొద్దున్నే చూస్తే ముద్ద కిందనుంచి సన్నటి పోగులకు వేలాడుతూ పిల్లలు గుత్తులుగా కనిపిస్తాయి. లేత పసుపు రంగు, నల్లటి కళ్లు. అక్కడే తొలి కుబుసం విడిచి, కాళ్లు సాగదీసుకుని, మధ్యాహ్నానికల్లా చెల్లాచెదురవుతాయి. పిల్లలు రాకుండా ముద్ద పక్కల్లో సూదితో గుచ్చినట్టు గుండ్రటి బెజ్జాలు కనిపిస్తే, ఆ గుడ్లను తిని పెరిగిన చిన్న కందిరీగలు ముందే వెళ్లిపోయాయని అర్థం. దానికీ బాధపడకండి. వందల్లో పుట్టినవి రెండో మూడో మిగలడమే లెక్క. మిగిలిన ఆ రెండూ మీ తోటకు చాలు.

సీతాకోకచిలుకను పట్టిందని కర్రతో తరమకండి. తేనెటీగను పట్టినా సరే. గొల్లభామకు మిత్రుడు, శత్రువు అన్న తేడా లేదు. కదిలింది, చేతికి అందింది, అంతే. పట్టుకున్న లద్దెపురుగును ముళ్ల కాళ్ల మధ్య నొక్కిపట్టి, తలవైపు నుంచి నింపాదిగా నములుతుంది. ఆకు కొరికే చప్పుడంత సన్నగా ఆ నమలడం వినిపిస్తుంది. తిన్నాక కాళ్ల ముళ్లను ఒక్కొక్కటిగా నాకి శుభ్రం చేసుకుంటుంది. మగదాన్ని తిన్నా అడ్డుపడకండి. ఆ మాంసం గుడ్లకే పోతుంది.

ఈ ఆకలి వల్లే డబ్బు పెట్టి ఎక్కడినుంచో తెప్పించుకోవద్దంటున్నాను. చైనా గొల్లభామ 1896లో ఫిలడెల్ఫియా దగ్గర తొలిసారి కనిపించింది. ఇప్పుడు అమెరికాలో దాని గూళ్లను తోటమాలులకు అమ్ముతున్నారు. అది అక్కడి స్థానిక గొల్లభామలనూ తింటుంది, పూల దగ్గరికొచ్చే హమ్మింగ్‌బర్డ్‌లనూ పడుతుంది. గొల్లభామలు పక్షులను పట్టిన ఉదంతాలను 2017లో శాస్త్రవేత్తలు పోగేస్తే, 13 దేశాల నుంచి 147 తేలాయి. ఎక్కువ భాగం అమెరికావే. మన ఊరి గొల్లభామ మన ఊరి పొదల్లోనే ఉంది. దారి ఇవ్వండి, వస్తుంది.

వచ్చాక దానితో అన్ని పనులూ చేయించాలని చూడకండి. మందారానికి పిండినల్లి పట్టిందంటే గొల్లభామ దాని వైపు చూడదు, కదలనిది దాని కంటికి ఆనదు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లు ధారగా కొట్టండి. కొమ్మ ఎక్కే చీమల బారును ముందు ఆపండి. తెల్లటి పిండి కుచ్చుల్లో కాస్త పెద్దగా, చురుగ్గా పాకే పురుగు కనిపిస్తే చేయి ఆపేయండి. అది పిండినల్లి కాదు, దాన్ని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. 1898లో కాఫీ తోటల కోసం ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన జాతి అది. దాన్ని ఆ కొమ్మ మీదే ఉంచి, మిగతా కొమ్మలు కడగండి.