మా పెద్దలు ఆ ఆట ఆడరండీ!

బెజవాడ వన్‌టౌన్ టీకొట్ల దగ్గర ఈ మధ్య పెద్దవాళ్ళ మీద ఒక అభాండం తిరుగుతోంది. మంత్రులు, ఎమ్మెల్యేలు, సినిమా హీరోలు రాత్రి పది దాటాక గదిలో గడియ వేసుకుని కంప్యూటర్‌లో వ్యూహం ఆటలు ఆడతారట. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో కోటలు కడతారట, సివిలైజేషన్‌లో రాజ్యాలు ఏలతారట. పగలు మన మీద వేసే ఎత్తులన్నీ రాత్రి అక్కడ సాధన చేసినవేనట. ఎంత అన్యాయం! పెద్దల పరువు నిలబెట్టేవాడు ఊళ్ళో ఒక్కడైనా ఉండాలి కదా అని వాళ్ళ తరఫు వకాల్తా నేను పుచ్చుకున్నాను. ఫీజు కూడా అడగను. నా వాదన ఒక్కటే: మా పెద్దలు వ్యూహం ఆటలు ఆడరు. ఆడినట్టు ఊళ్ళో ఎక్కడా ఆనవాలు లేదు.

ముందు పట్టుబడ్డవాళ్ళ సంగతి చూద్దాం. 2013 సెప్టెంబరులో సిరియా మీద దాడికి దిగాలా వద్దా అని అమెరికా సెనేట్ కమిటీ తర్జనభర్జన పడుతుంటే జాన్ మెకెయిన్ ఫోన్‌లో పేకాడుతూ ఫొటోకి చిక్కారు. మూడు గంటల పైన కూర్చోబెట్టారు మరి, పైగా ఓడిపోయాను కూడా అని ఆయనే వేళాకోళం చేశారు. 2014లో బ్రిటన్ ఎంపీ నైజెల్ మిల్స్ పింఛన్ల మీద విచారణ సాగుతుండగా క్యాండీ క్రష్‌లో మిఠాయిలు పగలగొడుతూ దొరికారు. మన దేశంలోనే, మహారాష్ట్రలో, 2025 జూలైలో, వ్యవసాయ మంత్రి మాణిక్‌రావు కోకాటే శాసనమండలిలో కూర్చుని ఉండగా ఆయన ఫోన్‌లో రమ్మీ కనబడిన వీడియో బయటికొచ్చింది. ఆడలేదు బాబూ, తెర మీదికొచ్చిన ఆటను తీసేయబోయాను అన్నారాయన. ప్రభుత్వం మాత్రం ఊరుకోలేదు. వ్యవసాయం తీసేసుకుని క్రీడల శాఖ ఇచ్చింది. ప్రతిభను గుర్తించడమంటే అదీ!

పేక, మిఠాయి, రమ్మీ. నాలుగెత్తులు ముందుకు చూడాల్సిన ఆట ఇందులో ఏది? రమ్మీ నేర్పుతో ఆడేదేనని మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 1960ల్లో చెప్పింది కాబట్టి దానికి సగం మార్కులు వేద్దాం. చట్టసభలో కూర్చుని రాజ్యాలు నిర్మించే ఆట ఆడుతూ దొరికిన నాయకుణ్ణి ఒక్కణ్ణి తెచ్చి చూపించండి, నా వకాల్తా వెనక్కి తీసుకుంటాను. మన మార్కెట్‌కి పేరిచ్చిన అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు. ఆయన హయాంలో ఈ ఫోన్లు లేకపోవడం సభ్యుల అదృష్టం.

నిజంగా వ్యూహం ఆటలు ఆడేవాళ్ళు దాచుకోరు. సివిలైజేషన్ అంటే ఇష్టమని జుకర్‌బర్గ్ తానే చెప్పుకున్నాడు. పాలిటోపియా అనే ఆట చదరంగం కంటే గొప్పదని ఎలాన్ మస్క్ ఊరూవాడా చాటాడు. మస్క్ దాచింది ఇంకొకటుంది. కత్తులూ రాక్షసులూ ఉండే ఆటల్లో తాను మేటినని గొప్పలు పోయి, చివరికి 2025 జనవరిలో తన ఖాతాలో వేరేవాళ్ళు కూడా ఆడిపెట్టారని ఒప్పుకోవాల్సి వచ్చింది. మనవైపు పొలాలకీ సైట్లకీ బినామీలుంటారు గానీ ఆటకి బినామీని పెట్టాలన్న ఊహ ఇంతవరకు ఎవరికీ తట్టలేదు. ఈ ఒక్క విద్యలో బెజవాడ వెనకబడింది.

మన సంప్రదాయంలో చాటుగా ఆడిన ప్రముఖుడు ధర్మరాజు. రాజ్యం పోగొట్టుకున్నది నిండు సభలో, అందరూ చూస్తుండగా. చాటుగా పాచికలు పట్టుకున్నది అజ్ఞాతవాసంలో, కంకుభట్టు వేషంలో, విరాటరాజు కొలువులో. అప్పటికే అడవిలో బృహదశ్వుడి దగ్గర అక్షవిద్య నేర్చుకుని మరీ వచ్చాడాయన. ఓడాక కూర్చుని పాఠం చెప్పించుకున్న పాలకుడన్నమాట. మన పెద్దలతో పోలిక అక్కడే తెగిపోతుంది. శ్రీకృష్ణదేవరాయలు బొడ్డుచర్ల తిమ్మనతో చదరంగం ఆడి, ఆ ఆటకి మెచ్చి కొప్పోలు అగ్రహారం రాసిచ్చాడని చాటువు చెబుతుంది. ఆట చూసి ఊరిచ్చారు ఆనాడు. ఊళ్ళు తీసుకుని ఆడుతున్నారు ఈనాడు.

రాజధాని అమరావతి కోసం తీసుకున్నది ఎంతంటారా? సుమారు 33 వేల ఎకరాలు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధానమంత్రి చేత శంకుస్థాపన. నమూనాలకు లండన్‌లో నార్మన్ ఫోస్టర్ సంస్థ, వాటికి సలహా చెప్పడానికి సినిమా దర్శకుడు రాజమౌళి. సెట్టింగు బాగా కుదిరింది, ఊరే ఇంకా లేవలేదు. 2019 డిసెంబరులో తర్వాతి ముఖ్యమంత్రి గారు ఒకటెందుకు, మూడుంటే పోలా అన్నారు. 2025 మే 2న మళ్ళీ ప్రధానమంత్రి, మళ్ళీ మొదలు. సివిలైజేషన్ పాత ఆటల్లో రాజధాని మార్చాలంటే కొత్త ఊళ్ళో రాజమందిరం మొదటి నుంచి కట్టాలి. ఎన్నో వంతులు దానికే ఖర్చవుతాయి. అది తెలిసినవాడెవడూ ఒకచోట పునాది దగ్గర ఆపేసి మూడుచోట్ల జెండాలు పాతడు. కాబట్టి రెండు పార్టీల వారూ నిర్దోషులే.

అమరావతికి శంకుస్థాపన జరిగిన ఏడాదే, 2015 మార్చిలో, ఫిన్లండ్ వాళ్ళు సిటీస్ స్కైలైన్స్ అనే ఊరు కట్టే ఆట తెచ్చారు. అందులో ఎగువన మురుగు వదిలి దిగువన మంచినీటి పంపు పెడితే ఊరంతా మంచాన పడుతుంది. పన్నెండేళ్ళ పిల్లాడికి మొదటి గంటలోనే ఈ సంగతి బోధపడుతుంది. కృష్ణ మీది బ్యారేజీ దగ్గర బయల్దేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మన ఊరి మధ్య నుంచి పోతూ మన మురుగంతా నెత్తిన పెట్టుకుని డెల్టాలోకి దిగుతాయి. దిగువ పల్లెల వాళ్ళు మంచినీటి చెరువులు నింపుకునేది ఆ నీళ్ళతోనే. మా కక్షిదారుల్లో ఎవరైనా ఆ పిల్లాడి పక్కన ఒక్క గంట కూర్చున్నారంటే నమ్మడానికి లేదు.

ఇక బుడమేరు వాగు. దాని దారిలో ఇళ్ళు వచ్చాయి, కరెంటు మీటర్లు వచ్చాయి, ఓట్లు వచ్చాయి. బుడమేరు మాత్రం రాదనుకున్నారు. 2024 సెప్టెంబరు 1న అదీ వచ్చింది. ఒకవైపు బ్యారేజీ మీదికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణమ్మ, ఇంకోవైపు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ఇళ్ళల్లోకి బుడమేరు. కంప్యూటర్‌లో అయితే వరదకి ముందు దాచుకున్న ఆట తెరిచి మళ్ళీ మొదలెట్టొచ్చు. సింగ్‌నగర్‌లో జనం పాల ప్యాకెట్టు కోసం రోజుల తరబడి మేడల మీద నిలబడ్డారు.

మన ఫ్లైఓవర్ గురించి ఎక్కువ చెప్పను. 2015 డిసెంబరులో కొబ్బరికాయ కొట్టారు, 2016 ఆగస్టు పుష్కరాలకల్లా పూర్తి అన్నారు, 2020 అక్టోబరు 16న తెరిచారు. అన్నేళ్ళూ అమ్మవారి గుడి కింద దుమ్ము మింగినవాళ్ళు మనమే.

ఒక్కచోట మాత్రం నా వాదన తడబడుతుందని ఒప్పుకోవాలి. 1997లో వచ్చిన తొలి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఒక దొంగదారి ఉంది. కాయినేజ్ అని టైపు చేస్తే చాలు, ఖజానాలో వెయ్యి బంగారం వచ్చి పడుతుంది. నెట్ సెంటర్లలో పెరిగిన కుర్రాళ్ళందరికీ ఇది తెలుసు. మన ఖజానా పెద్దలకీ తెలిసినట్టే ఉంది. మంగళవారం వచ్చిందంటే రిజర్వు బ్యాంకు వేలంలో రాష్ట్రం బాండ్లు పెడుతుంది, డబ్బు వచ్చి పడుతుంది. పార్టీ మారింది, ముఖ్యమంత్రి మారాడు, మంగళవారం మారలేదు. ఆటలో ఆ బంగారం తిరిగి కట్టక్కర్లేదు. ఈ చిన్న తేడా పెద్దలకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు.

వ్యూహమంటే ఏమిటో ఈ ఊరికి తెలియక కాదు. వస్త్రలత బట్టల మార్కెట్‌లో ఏ షావుకారుని అడిగినా, సంక్రాంతికి సూరత్ నుంచి ఏ సరుకు ఎంత దించాలో, ఏ ఊరి కొట్టుకి ఎన్నాళ్ళు అరువివ్వొచ్చో ముందే లెక్క చెబుతాడు. సివిలైజేషన్‌లో గాంధీ అణుబాంబులు వేస్తాడని ప్రపంచమంతా నవ్వుకుంటుంది. అసలు గాంధీ 1921లో మార్చి నెలాఖరున ఇదే బెజవాడ కాంగ్రెస్ సమావేశానికి వచ్చినప్పుడు మూడే లెక్కలు పెట్టారు: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు. గడువు జూన్ 30. అంకె ఇది, తేదీ ఇది అని బహిరంగంగా చెప్పారు. కోటి రూపాయలు గడువులోగా పోగయ్యాయి. ఇక్కడ ఒక కొండకి ఆయన పేరు పెట్టి, 1968లో స్తూపం కట్టి ఆవిష్కరించుకున్నాం. అంకె చెప్పి తేదీ చెప్పే అలవాటును కూడా ఆ స్తూపం కిందే పూడ్చినట్టున్నాం.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగం విజేత. ఆవిడ ఎత్తు వేస్తే లోకమంతా చూస్తుంది, ఓడితే ఓటమి కూడా కాగితం మీద ఉంటుంది. మా కక్షిదారులకు ఆ ఆటతో పరిచయం శాలువా కప్పి ఫొటో దిగేంతవరకే.

అయ్యా, అమ్మా, వన్‌టౌన్ ఓటర్లూ, మీకు నాదొక మనవి. మీ కార్పొరేటరో, ఎమ్మెల్యేనో, మంత్రిగారో సభలో రమ్మీ ఆడుతూ కనబడితే తప్పకుండా వీడియో తీయండి. నలుగురికీ పంపండి. కానీ ఎవరైనా ఒక మూల కూర్చుని, ఊరి మ్యాపు తెరిచి, ముందు కాలువ ఎటు పోవాలి, ఆ తర్వాత ఇళ్ళు ఎక్కడ లేవాలి అని తల గోక్కుంటూ కనబడితే దయచేసి ఫోన్ జేబులో పెట్టుకోండి. ఆయన్ని కదిలించకండి. పక్కవాళ్ళని చప్పుడు చేయొద్దనండి. చార్జింగ్ అయిపోతుంటే మీ చార్జరు ఇచ్చి రండి.