బాల్జాక్ నిలువుటంగీ

నాకు తల లేదు, చేతులు లేవు, పాదాలు లేవు. అసలు లోపల మనిషే లేడు. అయినా నిటారుగా నిలబడి ఉంటాను. నన్ను చూసి విగ్రహం పగిలిపోయిందేమోనని జాలిపడేవాళ్ళున్నారు. పగల్లేదు. నేను విగ్రహాన్నే కాను, నిజమైన గుడ్డతో కుట్టిన నిలువుటంగీని. 1897లో శిల్పి అగస్త్ రోడిన్ నన్ను ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపిన నీళ్ళలో ముంచి, తల లేని ఒక నగ్న ప్రతిమ భుజాల మీద కప్పాడు. చెయ్యి విరిగినవాడికి పిండికట్టు వేసినట్టే అనుకోండి. గట్టిపడటం మొదలయ్యేలోపే ఏ మడత జారాలో, ఏది ముడుచుకోవాలో తేల్చేయాలి. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు. ఇరువైపులా వేలాడే ఖాళీ అంగీ చేతులతో, ముందు వైపు ఒకదాని మీదికొకటి వచ్చిన అంచులతో అలా బిగుసుకుపోయాను.

నేను బిగుసుకునే నాటికి రోడిన్‌కు యాభై ఆరు దాటాయి. పూర్వకథంతా స్టూడియోలో పనివాళ్ళు చెప్పుకుంటుంటే విన్నదే. పుట్టింది 1840 నవంబరు 12న, పారిస్‌లోనే. తండ్రి పోలీసు శాఖలో చిన్న గుమాస్తా. కుర్రవాడు పెద్ద లలితకళల కళాశాలలో చేరడానికి మూడుసార్లు పరీక్షకు వెళ్ళి మూడుసార్లూ తప్పాడు. పొట్ట గడవాలి కదా, భవనాల గోడలకు పూలూ తీగలూ చెక్కే కూలిపని ఏళ్ళ తరబడి చేశాడు. ఆ పూలూ తీగల మీద ఆయన పేరుండదు.

పేరొచ్చింది నిందతో. 1877లో 'కంచు యుగం' అనే నిలువెత్తు నగ్న పురుష విగ్రహాన్ని ముందు బ్రస్సెల్స్‌లో, తర్వాత పారిస్ సలోన్ ప్రదర్శనలో పెట్టాడు. దానికి నిలబడింది ఒగుస్త్ నెయిత్ అనే బెల్జియం సైనికుడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇంత సహజంగా చెయ్యడం ఎవరి తరమూ కాదు, బతికున్న మనిషి ఒంటి మీదే అచ్చు తీసి పోతపోశాడు అన్నారు. శిల్పికి దొంగ అన్న మాట కంటే పెద్ద తిట్టిది. పాపం రోడిన్, ఆ సైనికుడికి ఫోటోలు తీయించి, ఒంటి మీద అచ్చు తీస్తే ఎలా ఉంటుందో, తన చేతిపని ఎలా ఉందో పోల్చి చూసుకోండని మొత్తుకున్నాడు. చివరికి తోటి శిల్పులు పూచీ పడితేగానీ మచ్చ పోలేదు. 1880లో ప్రభుత్వం ఆ విగ్రహాన్ని కొన్నది. కట్టబోయే ఒక మ్యూజియానికి కంచు తలుపులు చెయ్యమని కూడా పురమాయించింది. ఆ మ్యూజియం కట్టనే లేదు. 'నరకద్వారం' అని పేరుపడ్డ ఆ తలుపులను ఆయన చనిపోయేదాకా కెలుకుతూనే ఉన్నాడు. అందరికీ తెలిసిన 'ఆలోచనాపరుడు' మొదట ఆ తలుపుల పైన కూర్చోబెట్టిన బొమ్మే.

ఇక నా సంగతి. 1891లో ఫ్రెంచి రచయితల సంఘం నవలాకారుడు బాల్జాక్‌కు విగ్రహం పెట్టాలనుకుంది. సంఘాధ్యక్షుడు ఎమిల్ జోలా పట్టుబట్టి పని రోడిన్‌కు ఇప్పించాడు. ఏడాదిన్నరలో ఇస్తానని ఒప్పుకుని ఏడేళ్ళు తీసుకున్నాడు. బాల్జాక్ పోయింది 1850లో, ఎదురుగా కూర్చోబెట్టుకుని చేద్దామంటే మనిషి లేడాయె. ఆయన పుట్టిన తూరేన్ ప్రాంతమంతా తిరిగి అలాంటి ముఖాలు వెతికాడు. ఒకనాటి బాల్జాక్ దర్జీని పట్టుకుని పాత కొలతలతో బట్టలు కుట్టించాడు. బొజ్జతో చేశాడు, బొజ్జ లేకుండా చేశాడు, చేతులు కట్టుకున్నట్టు చేశాడు. ఇవ్వరేమని సంఘం వాళ్ళ పోరు ఒకపక్క. చివరికి నేను దొరికాను. బాల్జాక్ రాత్రంతా మేలుకుని రాసేటప్పుడు సన్యాసుల అంగీలాంటి తెల్లటి అంగీ వేసుకునేవాడు. లావుపాటి పొట్టి మనిషిని నున్నగా నిలువునా కప్పేయడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇక్కడొక తమాషా గమనించండి. ఇరవై ఏళ్ళ క్రితం ఏ పని చేశాడని దొంగన్నారో, ఆ పని ఆయన ఇప్పుడు నిజంగా చేశాడు. మనిషి మీద కాదు, గుడ్డ మీద. నేను అచ్చంగా అచ్చునే! మరి నన్ను అలాగే ఎత్తి బాల్జాక్ మెడ కింద పెట్టేశాడా? లేదు. నన్ను ఎదురుగా పెట్టుకుని నా మడతలు ఒక్కొక్కటే చెరుపుకుంటూ పోయాడు. సలోన్‌కు వెళ్ళిన విగ్రహంలో అంగీ ఉంది, నా ఖాళీ చేతులున్నాయి, నా ముడతలు మాత్రం చాలావరకు లేవు. కింద నుంచి పైకి ఒకే ఊపున లేచిన ముద్ద, పైన సింహంలాంటి తల. మొదట్లో నాకు కోపమొచ్చిన మాట నిజం. అన్నీ ఉంచితే చూసేవాళ్ళ కళ్ళు నా మీదే ఆగిపోయేవని తర్వాత అర్థమైంది.

1898 సలోన్‌లో ఆ ప్లాస్టర్ విగ్రహాన్ని పెట్టాడు. అదే ప్రదర్శనలో పాలరాతి 'ముద్దు' కూడా ఉంది. జనం దాన్ని మెచ్చుకుని దీన్ని చూసి పగలబడి నవ్వారు. మంచుబొమ్మ అన్నారు, గోనెసంచిలో కప్ప అన్నారు. ఒకప్పుడు మరీ మనిషిలా ఉందని తిట్టిన ఊరే ఇప్పుడు మనిషిలానే లేదని తిట్టింది. రచయితల సంఘం ఇది బాల్జాకే కాదు పొమ్మంది. చిత్రకారుడు మోనే, సంగీతకర్త దెబుస్సీ, రాజకీయ నాయకుడు క్లెమెన్సో లాంటివాళ్ళు వెనకేసుకొచ్చారు, చందాలు పోగుచేసి కొంటామన్నారు. కానీ అది డ్రైఫస్ అనే సైనికాధికారి దేశద్రోహి అవునా కాదా అన్న గొడవతో దేశం రెండుగా చీలిన ఏడాది. చందా పట్టీలో ఉన్నవాళ్ళలో చాలామంది డ్రైఫస్ పక్షం వాళ్ళే. ఆ రొచ్చులోకి దిగడం రోడిన్‌కు ఇష్టం లేదు. తీసుకున్న బయానా తిరిగిచ్చేసి, విగ్రహాన్ని పారిస్ పక్కనున్న మూదోఁలోని ఇంటికి తెచ్చేసుకున్నాడు. ఎవరికీ అమ్మలేదు. సంఘం ఆ పనిని ఫాల్గియేర్ అనే మరో శిల్పికి అప్పగించింది. రోడిన్ ఆయనతో తగువు పెట్టుకోలేదు సరికదా, ఆయన ముఖాన్నే బొమ్మ చేశాడు. పెద్దమనిషి తరహా అంటే అదీ.

అన్నింటా అంత పెద్దమనిషి అని చెప్పలేను. కెమిల్ క్లోదెల్ నా రోజులకే స్టూడియో విడిచిపోయింది. శిష్యురాలిగా వచ్చి, ప్రేయసై, తనకు తానే గొప్ప శిల్పి అయిన ఆవిడ చివరి ముప్పై ఏళ్ళు పిచ్చాసుపత్రిలో గడిచాయి. అక్కడ పెట్టించింది సొంత కుటుంబమే. ఆవిడ చెక్కినవి ఇప్పుడు నేనున్న రోడిన్ మ్యూజియంలోనే ఉన్నాయి, నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అవి చూడండి. ఇక రోజ్ బ్యూరే. 1864 నుంచి ఆయనకు వండిపెట్టింది, తడిమట్టి ఆరిపోకుండా గుడ్డలు తడిపి కప్పింది, కొడుకును కన్నది. ఆ కొడుక్కు తండ్రి ఇంటిపేరు రాలేదు. మెడలో తాళి అన్నట్టుగా పెళ్ళి జరిగింది 1917 జనవరిలో. ఫిబ్రవరిలో ఆవిడ పోయింది, నవంబరులో ఆయన. ఇద్దరినీ మూదోఁలో ఒకేచోట పూడ్చి 'ఆలోచనాపరుణ్ణి' పైన కూర్చోబెట్టారు. యాభై మూడేళ్ళు ఆలోచించాడు మరి.

పోయేముందు తన పనంతా దేశానికి రాసిచ్చాడు, 1919లో మ్యూజియం తెరిచారు. బాల్జాక్ కంచులో నడివీధికొచ్చింది 1939లో, మోంపార్నాస్ దగ్గర రాస్పాయ్ రోడ్డు కూడలిలో. నలభై ఒక్కేళ్ళు ఆలస్యం. ఫాల్గియేర్ చేసిన బాల్జాక్ ఫ్రీద్‌లాండ్ రోడ్డు మీద 1902 నుంచే కూర్చుని ఉన్నాడు. పారిస్ వెళితే రెండూ చూడండి. ఒకటి కూర్చుంది, ఒకటి నిలబడింది. నిలబడినవాడి భుజాల నుంచి ఖాళీగా వేలాడే ఆ చేతులు మాత్రం నావి.