సోది బాబాయి

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు బాబాయిగారి జోస్యం ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు. ముందు చెబితే రెండు రకాలుగానూ చెబుతారు, లేదంటే పని జరిగిపోయాక చెబుతారు కాబట్టి తప్పే అవకాశమూ లేదు.

2023 నవంబరు 19, ప్రపంచకప్ ఫైనల్. టాస్ కాకముందే మా సోఫాలో చేరి, "వరసగా పది గెలిచాం, కప్పు మనదే" అన్నారు. రెండో ప్లేటు పకోడీలు సగంలో ఉండగా, "అయినా పది గెలిచినవాడికి పదకొండోది గండమే సుమా" అని ఇంకో మాట వదిలారు. రాత్రి ఆస్ట్రేలియా ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. మేం తలలు పట్టుకుని కూర్చుంటే, ఆయన మొహం వెలిగిపోయింది. "పకోడీలు తింటూ చెప్పానా లేదా?" అంటూ మా ఆవిణ్ణి సాక్ష్యానికి పిలిచారు. ఆవిడకు గుర్తున్నవి పకోడీలే.

సోదె అనేది ఒకప్పుడు మర్యాదగల మాట. ఎరుకలసాని చేటలో బియ్యం పోయించుకుని, ఇల్లాలి చెయ్యి పట్టుకుని చెప్పేది. అంతెందుకు, శ్రీనివాసుడంతటివాడే ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికెళ్లి, ధరణీదేవికి కూతురి పెళ్లి సంగతి చెప్పాడంటారు. (పెళ్లికొడుకు తనే. అలాంటి జోస్యం ఎవరైనా చెబుతారు.) జ్యోతిషం జనం నోట్లో నలిగి జోస్యమైనా దాని పరువు దానికుంది. సోదె మాత్రం సోదిగా మారి, చివరికి "నీ సోది ఆపు" దాకా దిగజారింది. ఈ పతనానికి కారణం నిఘంటువుల్లో దొరకదు, మా మూడో అంతస్తులో దొరుకుతుంది.

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు 'రంగం' అనే వేడుకలో భవిష్యవాణి వినిపించే ఆమె పచ్చికుండ మీద నిలబడాలి. బాబాయిగారికి మా సోఫా చాలు. "సాయంత్రం వానొస్తుంది, రాకపోతే ఉక్కపోస్తుంది" అంటారు. ఏది జరిగినా ఫోన్ చేస్తారు.

మొన్న లిఫ్ట్ రెండో అంతస్తు దగ్గర ఆగిపోయింది. లోపల ఆయనా, ఓ పెరుగు ప్యాకెట్టూ. తలుపు సందులోంచి, "ఇది ఆగుతుందని పోయిన వారమే అనుకున్నాన్రా!" అని కేక. అరగంటకి మెకానిక్ వచ్చి తలుపు తీశాడు. చెమటతో తడిసి ముద్దయి బయటికొచ్చారు.

వాచ్‌మన్ అమాయకంగా అడిగాడు: "తెలిసీ ఎందుకెక్కారు సార్?"

బాబాయిగారు పెరుగు ప్యాకెట్టు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. మెట్ల వైపు చూశారు.

"నువ్వీ మాట అడుగుతావని కూడా తెలుసురా నాకు."

వాచ్‌మన్ దణ్ణం పెట్టి మోటారు వెయ్యడానికి పోయాడు. బాబాయిగారు మిగిలిన అంతస్తు మెట్లెక్కారు.