ఖండన

2024 జనవరి 20, శనివారం సాయంత్రం. ఫిలింనగర్‌లో ఫిల్మ్ ఛాంబర్‌కి నాలుగడుగుల అవతల టీకొట్టు. ప్యాకప్ అయ్యాక వచ్చి కూలబడ్డ మేకప్ బాబాయ్ ఎదురుగా, రష్మిక మందన్న పేరుతో ఫ్యాన్ పేజీ నడిపే కుర్రాడు ఊగిపోతున్నాడు.

"దొరికాడు బాబాయ్! మేడమ్ డీప్‌ఫేక్ చేసినోణ్ని ఢిల్లీ పోలీసులు పట్టేశారు. ఇది యాంటీ ఫ్యాన్స్ పనేనని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా!"

ఆ వీడియో అప్పటికి దేశమంతా తిరిగింది. అసలది జారా పటేల్ అనే బ్రిటన్ అమ్మాయి 2023 అక్టోబరులో పెట్టుకున్నది. లిఫ్టులోకి వచ్చే ఆ మొదటి క్షణం ఆపి చూస్తే మొహం ఆమెదే, మరుక్షణం రష్మికది. నవంబరులో గుట్టు రట్టయింది. కేసు పెట్టాల్సిందేనన్నారు అమితాబ్ బచ్చన్. ఇదే తను స్కూల్లోనో కాలేజీలోనో ఉండగా జరిగుంటే ఎలా తట్టుకునేదాన్నో అని రష్మిక వాపోయింది.

బాబాయ్ కళ్లజోడు పైకి తోసి ఫోన్లో వార్త చదివాడు.

"పరాయివాడు కాదురా. మన గుంటూరు వైపు వాడే. 24 ఏళ్లు, ఇంజనీరింగ్ చదివాడట. యాంటీ ఫ్యానూ కాదు. మీ మేడమ్ ఫ్యాన్ పేజీ అడ్మిన్."

కుర్రాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మరెందుకు చేశాడట?"

"ఫాలోవర్ల కోసమట. రెండు వారాల్లో 90 వేలున్నవాళ్లు లక్షా 8 వేలయ్యారట. ఇప్పుడు ఐటీ చట్టం 66సి మెడకు చుట్టుకుంది. మూడేళ్ల దాకా జైలు."

"ఛీ! అభిమానులందరి పరువూ తీశాడు."

"నలభై ఏళ్లుగా మొహాలు మార్చడమే నా పని," అన్నాడు బాబాయ్. "కుర్చీలో కూర్చున్న మనిషి ఊఁ అనకుండా ఏనాడూ బ్రష్ పట్టలేదు."

"నేనైతే నవంబరులోనే ఖండించా, చూడు!" కుర్రాడు ఫోన్ చేతికిచ్చాడు.

పేజీలో అన్నిటికంటే పైన పిన్ చేసి ఉందా పోస్టు. ఎర్రటి అక్షరాలు: 'ఇది ఫేక్. దయచేసి ఎవ్వరూ చూడొద్దు, షేర్ చేయొద్దు.' దాని కింద, లిఫ్టు తలుపు దగ్గర్నుంచి చివరిదాకా, వీడియో మొత్తం ఆడుతోంది.

"ఓరి నీ! ఇదింకా ఎందుకుందిరా? ముందు తీసెయ్!"

కుర్రాడు నసిగాడు.

"తీసేస్తా బాబాయ్... ఐదు లక్షల వ్యూస్‌కి ఇంకో రెండు వేలే తక్కువ!"